నికాన్ డి7000 కెమెరా వదిలి దేనికి పోవాలె? 7200, 7500, 750ల ఏది మేలు?

నా డి7000 కొన్నది 2012ల. పెండ్లిళ్లు, హాఫ్‌సారీ ఫంక్షన్లు, బతుకమ్మలు అన్నీ దాంతోనే లాక్కొస్తున్న, షట్టర్ కౌంట్ (ఇప్పటిదాంక కొట్టిన క్లిక్కుల లెక్క) 1,31,000 దాటింది, నికాన్ వాళ్లు టెస్ట్ చేసిన లెక్క 1,50,000, అంటే ఆగిపోతదని కాదు గాని ముహూర్తం టైముల ఆగితే పరిస్థితి ఏంది అని భయం మొదలైంది. పైసలు నలభై వేల లోపు. కొత్తది అక్కర్లేదు, సెకండ్ హ్యాండ్ చాలు.

మెగాపిక్సెల్ ముచ్చట ముందే పక్కకు పెడుత. మా కస్టమర్లు అడిగేది 12 బై 36 ఇంచుల ఆల్బమ్, తెరిస్తే రెండు పేజీలు, ఒక్కో పేజీ 12 బై 18. నా 7000 ఫొటో 4928 బై 3264 పిక్సెల్స్. 3264ను 12తోని భాగిస్తే ఇంచుకు 272 పడ్తయి. 24 మెగాపిక్సెల్ అయితే 333. ల్యాబ్ల ప్రింట్ అయి వచ్చినంక ఈ తేడా పట్టుకున్నోళ్లను నేనైతే ఇప్పటిదాంక చూడలే, పెండ్లికొడుకు మేనమామ కూడా పట్టుకోలే, ఆయన అన్నిట్ల తప్పులు వెతికిండు మరి.

అసలు లొల్లి చీకటితోని. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి కాడ పొద్దుగూకినంక చూడుండ్రి, ఒకదిక్కు ఫోకస్ లైట్ కండ్లల్ల కొడ్తది, ఇంకోదిక్కు మొఖాలే కనపడయి, ఆడోళ్లు చప్పట్లు కొట్టుకుంట తిరుగుతనే ఉంటరు. ఆడికి నా 7000తోపాటు మా బామ్మర్ది 7500, దోస్తు 7200, స్టూడియో అన్నను బతిమాలి తెచ్చిన 750 పట్టుకపోయిన. నాలుగిటికీ ఒకే లెన్స్ మార్చుకుంట తీసిన, నా పాత 50 ఎంఎం 1.8డి (1.8 అంటే లెన్స్ నోరు ఎంత తెరుచుకుంటదన్న లెక్క, నంబర్ చిన్నగైతే వెలుతురు ఎక్కువ వస్తది). ఐఎస్ఓ (వెలుతురును పెంచి చూపే సెట్టింగ్) 3200, షట్టర్ 1/160 సెకను.

నాయిస్‌ల (ఫొటోల ఇసుక చల్లినట్టు కనపడే చుక్కలు) మస్తు తేడా ఉంటదనుకున్న. ఇంటికొచ్చి రా ఫైల్స్ (కెమెరా తుడవని అసలు ఫైల్స్) తెరిచి చూస్తే 7000కు 7500కు మధ్య ఉన్నది ఇంతే, జర నున్నగ కనపడ్తది, అంతకుమించి లేదు. కెమెరా సెన్సర్లను టెస్ట్ చేసే డీఎక్స్ఓమార్క్ సైట్ల తక్కువ వెలుతురు స్కోర్లు కూడ అట్లనే ఉన్నయి: 7000కు 1167, 7200కు 1333, 7500కు 1483. 7000కు 7500కు తేడా ఒక స్టాప్‌ల (ఒక స్టాప్ అంటే వెలుతురు రెండింతలు) మూడో వంతు. 750కి 2956, అది ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కాబట్టి 7000 కంటే ఒక స్టాప్ పైన్నే. జేపెగ్‌ల తీసేటోళ్లకు 7500 ఇంకా మంచిగ కనిపిస్తది, కాని అది ప్రాసెసర్ తుడిచిన తుడుపు.

ఫోకస్ కాడ మాత్రం నా కండ్లు తెరుచుకున్నయి. తంగేడు పూల బతుకమ్మ ముంగట ఒక పెద్దమ్మ వంగి దీపం సదురుతున్నది, ఆమె మొఖం ఫ్రేమ్ ఎడమ అంచుల ఉన్నది. 7000ల ఆ చివరి పాయింట్ పెడ్తే లెన్స్ గర్రుమని ముందుకు పోయింది, ఎనుకకు వచ్చింది, మళ్లా ముందుకు పోయింది, గంతల పెద్దమ్మ లేచి పోయింది. ఇంకొకామె వంగినప్పుడు 7200 పెట్టిన, ఒక్కసారి గర్రుమన్నది, అయిపోయింది. కారణం స్పెక్‌లనే ఉన్నది, 7000 ఫోకస్ -1 ఈవీ (వెలుతురు కొలత, ఎంత తగ్గితే అంత చీకటి) దాకనే పనిచేస్తది, మిగిలిన మూడు -3 ఈవీ దాక. అంటే నాలుగో వంతు వెలుతురుల కూడ పట్టుకుంటయి. 7000ల ఫోకస్ పాయింట్లు 39, అండ్ల క్రాస్ టైప్ (అడ్డం, నిలువు గీతలు రెండూ పట్టేవి) 9 మాత్రమే, అన్నీ నడుమ. మిగిలిన మూడిట్ల 51, అండ్ల 15 క్రాస్. ఇన్నేండ్లు నాయిస్ అని తిట్టుకున్న ఫొటోలల్ల సగం నిజానికి ఫోకస్ తప్పినవే.

ఒకమాట, 18-105 కిట్ లెన్సే వాడుతున్నోళ్లు బాడీ (కెమెరా) జోలికి పోకముందు 1.8 లెన్స్ కొనుండ్రి. 5.6 కాడ ఐఎస్ఓ 6400 కావాల్సిన చోట 1.8 కాడ 640 సరిపోతది. ఏ బాడీ కూడ ఆ ఫాయిదా ఇయ్యదు. కాకపోతే ఒక్క మొఖమే షార్ప్ వస్తది, పక్కామె మసక.

750 సంగతి. చూడంగనే మనసు గుంజింది, అబద్ధం ఎందుకు. కాని నా 18-105 డీఎక్స్ లెన్స్, అంటే 7000 లాంటి చిన్న సెన్సర్ కెమెరాలకు చేసింది, 750కి పెడ్తే క్రాప్ అయి పది మెగాపిక్సెల్ చిల్లర మిగులుతది. వైడ్‌కు మళ్లా ఇంకో లెన్స్ కొనాలె. నా 80-200 డి కూడ డీఎక్స్ మీద 300 లెక్క పనిచేస్తది, ఫుల్ ఫ్రేమ్ మీద 200 అంటే 200నే. కొనాలనుకునేటోళ్లు సీరియల్ నంబర్ చూసుకోండ్రి, కొన్ని బ్యాచ్‌లకు షట్టర్ సమస్య ఉండి నికాన్ ఫ్రీగ బాగుచేసింది. మిర్రర్‌లెస్ అయితే నాకు అసలే కుదరదు, నా రెండు డి లెన్సులల్ల మోటర్ ఉండదు, బాడీల ఉన్న మోటరే వాటి ఫోకస్ తిప్పుతది, పాత లెన్సులు మిర్రర్‌లెస్‌కు పెట్టే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ల ఆ మోటర్ లేదు, చేత్తోని తిప్పుకోవాల్సిందే. నికాన్ డి5600 కూడ అంతే, దాని బాడీల మోటర్ లేదు.

మిగిలింది 7200, 7500. నిజం చెప్పాలంటే 7500 కొత్త బాడీ లెక్కనే ఉన్నది, సెకనుకు 8 ఫొటోలు, రా బఫర్ (ఆగకుండ వరసగ తీయగలిగే రా ఫొటోలు) 50, 7200ల ఇవి 6, 18. స్క్రీన్ ఒంగుతది, కింద కూసొని పూలు తీసేటోనికి అది వరం. ట్యూబ్‌లైట్ల లెక్క మినుకుమనే లైట్ల తేడా తగ్గించే సెట్టింగ్ కూడ ఉన్నది. ఇన్ని ఇచ్చి కార్డు స్లాట్ మాత్రం ఒక్కటే పెట్టిండ్రు.

రెండేండ్ల కింద హసన్‌పర్తి దగ్గర ఒక పెండ్లి. తలంబ్రాలు అయినంక కార్డు తీసి ల్యాప్‌టాప్ల పెడ్తే ఫార్మాట్ చెయ్యమని అడిగింది. చెమటలు పట్టినయ్ నాకు. 7000ల రెండో స్లాట్ బ్యాకప్‌ల ఉండబట్టి మొత్తం దొరికింది, లేకుంటే ఆ ఇంటి దిక్కు మళ్లా పోయేటోన్ని కాదు. మా బామ్మర్ది అంటడు, "బావా, మంచి కార్డు కొంటే ఏం కాదే". అది కూడ మంచి కార్డే రా నాయనా.

పక్షులు, ఆటలు తీసేటోళ్లు 7500 తీసుకోండ్రి, కండ్లు మూసుకొని. పెండ్లిళ్ల పైసలు తీసుకునే నాకు రెండు స్లాట్లున్న 7200నే. కాజీపేట కాడ ఒకాయన దగ్గర 38,000 క్లిక్కులది దొరికింది, ఆయన ముంగటనే ఒక జేపెగ్ తీసి కౌంట్ చూసిన, రెండు స్లాట్లల్ల కార్డులు పెట్టి చూసిన, 50డి పెట్టి మోటర్ తిరుగుతున్నదా విన్న. కార్డు మూత కాడ రబ్బర్ లేచింది, దానికి ఒక వెయ్యి తగ్గించిండు. బ్యాటరీలు పాతవే పడ్తున్నయ్. 7000 అమ్మలే, 18-105 దానికే పెట్టి రెండో భుజానికి ఏసుకుంటున్న, పగటిపూట ఇంకా దాని పని అది చేస్తనే ఉన్నది.