ఇంటి క్లైంబింగ్ గోడ మీద హోల్డులు, వాల్యూములు: కొన్నేళ్ల వాడకం తర్వాత

హనుమకొండలో మా మేడ మీది రేకుల షెడ్డులో 8 అడుగుల వెడల్పున ప్లైవుడ్ క్లైంబింగ్ గోడ ఒకటి ఉంది. కొన్నేళ్లుగా నేనూ, మా అమ్మాయీ దాని మీదనే సాధన చేస్తున్నాము. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల ఇసుకరాతి మీద సెలవు రోజుల్లో ఎక్కడానికి చేతులను, కాళ్లను సిద్ధంగా ఉంచుకోవాలన్నదే దీని ఉద్దేశం. ఇంతకాలం వాడిన మీదట నేను చెప్పగలిగేది ఒకటే: డబ్బునూ శ్రద్ధనూ మొదట చిన్న కాలి హోల్డుల (గోడకు బిగించే పట్టుముక్కల) మీద, వేళ్లతో పట్టుకునే చెక్క అంచుల మీద పెట్టాలి, గోడ మీద ఖాళీ స్థలాన్ని కాపాడుకోవాలి, వాల్యూములను (గోడ మీద బిగించే పెద్ద ఉబ్బెత్తు పెట్టెలను) అన్నిటికన్నా చివర తీసుకోవాలి.

హోల్డుల ఎంపికను గోడ వాలు నిర్ణయిస్తుంది కనుక ముందు దాని సంగతి చెబుతాను. మూన్‌బోర్డు అనే ప్రామాణిక శిక్షణ గోడ అసలు రూపం నిలువు నుంచి 40 డిగ్రీలు ముందుకు వాలి ఉంటుంది. 10 అడుగుల ఎత్తులో ఆ వాలు రావాలంటే గోడ ముందుకు సుమారు 8.4 అడుగులు చొచ్చుకువస్తుంది, ఆపైన పరుపులు వేయడానికి ఇంకా స్థలం కావాలి. మా షెడ్డులో అది సాధ్యం కాదు. అందుకని 30 డిగ్రీల వాలు తీసుకున్నాము. అడుగున ఒక అడుగు నిలువు పలక, దానిపైన 10 అడుగుల వాలు పలక పెడితే మొత్తం ఎత్తు 10 అడుగులలోపే ముగుస్తుంది, ముందుకు 5 అడుగులు మాత్రమే వస్తుంది. 8×4 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ షీట్లు మూడు దీనికి సరిపోతాయి. వానాకాలపు తేమ తగిలే చోట ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌కు పెట్టిన అదనపు ఖర్చు వృథా పోదని అనుభవం మీద చెబుతున్నాను. హోల్డులు బిగించే రంధ్రాలను 20 సెంటీమీటర్ల ఎడంతో వేశాము.

హోల్డులు కొనేముందు బోల్టుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఐరోపా పద్ధతి హోల్డులకు ఎం10 బోల్టులు వాడతారు, అమెరికా పద్ధతి వాటికి 3/8 అంగుళం బోల్టులు వాడతారు. వీటి మరల ఎడం దాదాపు ఒకటే, ఒకటి 1.5 మి.మీ., రెండోది 1.59 మి.మీ. ఎం10 బోల్టు 3/8 టీ-నట్‌లో (ప్లైవుడ్ వెనుక నుంచి దిగగొట్టే మరల నట్టులో) ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది, బలవంతం చేస్తే నట్ వెనక్కి ఊడివస్తుంది. కాబట్టి గోడ అంతటికీ ఒకే రకం ఉండాలి. సోఫాల తయారీకి అమ్మే సన్నని టీ-నట్లు ఈ పనికి పనికిరావు. బోల్టు తల కూడా హోల్డులోని గుంటకు సరిపడేదై ఉండాలి. చదునైన గుంటలో శంఖాకారపు తల ఉన్న బోల్టును బిగిస్తే అది చీలలా పనిచేసి హోల్డును పగలగొడుతుంది. ఎం10లో స్థూపాకారపు తలకు (సాకెట్ క్యాప్) 8 మి.మీ. ఆలెన్ కీ, శంఖాకారపు తలకు 6 మి.మీ. కీ కావాలి. రెండూ గోడ దగ్గరే వేలాడదీసి ఉంచుతాము.

హోల్డుల పదార్థాలలో పాలియురెథేన్‌కే నా ఓటు. పాలిస్టర్ రెజిన్ హోల్డులు చవకే గాని బరువు ఎక్కువ, పెళుసుదనం కూడా ఎక్కువ. కిందపడినా, ఎక్కువ బిగించినా అంచులు లేచిపోతాయి. అయితే పదార్థం కన్నా ముఖ్యమైనది ఉపరితలపు గరుకు. జిమ్‌లో రోజుకొక కొత్త దారి ఎక్కుతాము, ఇంట్లో మాత్రం అవే హోల్డులను వారం పొడుగునా పట్టుకుంటాము. బాగా గరుకైన హోల్డు కొత్తలో హాయిగా అనిపిస్తుంది, కానీ అరగంటలో వేళ్ల చర్మం లేచిపోతుంది, కండరాలలో శక్తి మిగిలి ఉన్నా సాధన ఆపవలసి వస్తుంది.

ఇక్కడే చెక్క గొప్పతనం తెలుస్తుంది. మేము ఇప్పుడు ఎక్కువగా పట్టుకునేవి కోత మిల్లులో మిగిలిన టేకు ముక్కలతో చేయించిన అంచులు. 20 మి.మీ. లోతు, పై అంచు వేలికి కోసుకోకుండా గుండ్రంగా చిత్రిక పట్టి, 80 నంబరుతో మొదలుపెట్టి 150 నంబరు ఉప్పుకాగితం దాకా రుద్దాము. వార్నిష్ పూయలేదు, పూయకూడదు కూడా, ఎందుకంటే చెమట పీల్చుకునే గుణం పోయి చెక్క జారుడుగా మారుతుంది. చెక్క నార తప్పనిసరిగా అంచు పొడుగునా అడ్డంగా సాగాలి. నార గోడలోంచి బయటికి వచ్చేలా కోసిన ముక్క ఎంత చేవ ఉన్నదైనా బరువు పడినప్పుడు పొరవెంట చీలవచ్చు. ప్లాస్టిక్ హోల్డు మీద జారకుండా గరుకు కాపాడుతుంది. చెక్క మీద మాత్రం వేళ్ల బలమే పట్టి ఉంచాలి కాబట్టి శిక్షణకు ఇంతకన్నా నిజాయితీ గల హోల్డు లేదని నా నమ్మకం.

ఆకారాల విషయానికి వస్తే, 30 డిగ్రీల వాలు మీద లోతైన జగ్గులు (చెయ్యంతా పట్టే పెద్ద హోల్డులు) ఆరంభానికి, ముగింపుకు, ఒళ్లు వేడెక్కించుకోవడానికి కొన్ని చాలు. పించులు (బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య నొక్కి పట్టేవి) చాలా ఉపయోగపడ్డాయి, ఎందుకంటే ఒక్కొక్కదాన్ని తిప్పి పెడితే కొత్త కదలిక వస్తుంది. ఒకటి రెండు వేళ్లు మాత్రమే పట్టే పాకెట్లను పూర్తిగా తీసివేశాము. ఎదిగే వయసు పిల్లల వేలి ఎముకల చివర ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది, దాని మీద తీవ్రమైన ఒత్తిడి పడితే గాయమవుతుంది. అందుకే మా అమ్మాయి వేళ్లు మడిచి బలంగా పట్టే సన్నని క్రింపులకు, కాళ్లు వదిలి చేతులతోనే ఎగబాకే సాధనకు దూరంగా ఉంటుంది. ఇంట్లో పిల్లలు ఉన్నవారు దీన్ని తేలికగా తీసుకోవద్దని వేడుకుంటున్నాను.

అమరికలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చినది కాలి హోల్డులను వేరుచేయడం. గోడ కింది భాగంలో పెద్ద చేతి హోల్డులు ఉంటే కాలు వాటి మీదికే పోతుంది, పాదాన్ని కచ్చితంగా పెట్టడం ఎప్పటికీ అలవడదు. స్క్రూలతో బిగించే వేలెడంత చిప్పులకు టీ-నట్ రంధ్రం అవసరం లేదు గనుక వాటిని రంధ్రాల మధ్య ఖాళీలో ఎక్కడైనా పెట్టవచ్చు. చేతులు ఏ హోల్డు పట్టుకున్నా కాళ్లు ఈ చిప్పుల మీదనే అన్న నియమం పెట్టుకున్న తర్వాత మా ఎక్కుడులో వచ్చిన మార్పు పాండవుల గుట్టల మీద స్పష్టంగా కనిపించింది. అమ్మాయి చేతులు పొట్టివి కాబట్టి దూరపు హోల్డుల మధ్య అదనపు చేతి హోల్డు ఇరికించే బదులు, కాలి చిప్పును కొద్దిగా పైకి జరిపాము. దాంతో ఇద్దరికీ ఒకే దారి ఉపయోగపడుతున్నది.

చెక్క అంచులను ఎడమ, కుడి సగాలలో ఒకే ఎత్తున, మధ్యగీత నుంచి ఒకే దూరంలో జంటలుగా పెట్టాము. ఒక వైపు ఎక్కిన దారినే రెండో వైపు ఎక్కితే బలహీనమైన భుజం ఏదో వెంటనే తెలుస్తుంది. హోల్డుల నోళ్లన్నీ పైకే ఉంచకుండా కొన్నింటిని పక్కకు, కొన్నింటిని కిందికి తిప్పాలి. అప్పుడే నడుము తిప్పడం, బరువును ఒక కాలి మీదికి మార్చడం అవసరమవుతాయి. సుమారు 180 రంధ్రాలలో మూడో వంతుకు పైగా ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాము. నింపేకొద్దీ ప్రతి కదలికా నిచ్చెన ఎక్కినట్టే తయారవుతుంది.

ఇక వాల్యూములు. వీటి అసలు ప్రయోజనం గోడ వాలును అక్కడికక్కడ మార్చడం. 30 డిగ్రీల గోడ మీద 20 డిగ్రీల ఏటవాలు ముఖాలున్న వాల్యూము పెడితే దాని పై ముఖం 10 డిగ్రీలకు తగ్గుతుంది, కింది ముఖం 50 డిగ్రీలకు పెరుగుతుంది. నునుపైన గుండ్రటి స్లోపర్లు ఈ గోడ మీద నేరుగా పెడితే పట్టు దొరకదు, ఆ పై ముఖం మీద పెడితే చక్కగా పనిచేస్తాయి. పాండవుల గుట్టల గుండ్రటి రాతి అంచులకు దగ్గరగా ఉండే సాధన మాకు అక్కడే దొరికింది. అయితే 60 సెంటీమీటర్ల వాల్యూము కనీసం నాలుగైదు రంధ్రాలను మింగేస్తుంది, తన ముఖాల మీద సొంత టీ-నట్లు లేకపోతే ఆ స్థలం వృథా. వడ్రంగి చేత చేయించుకునేవారు టీ-నట్లు వచ్చే ముఖాలకైనా 18 మి.మీ. ప్లైవుడ్ వాడించాలి. బిగింపు చుట్టూ స్క్రూలతోనే సరిపెట్టకుండా, గోడ టీ-నట్లలోకి కనీసం రెండు బోల్టులు దిగేలా చూడాలి. మా దాన్ని ఎడమ పక్కన, మూడింట రెండు వంతుల ఎత్తులో ఉంచాము. తల ఎత్తున, నడిమధ్యన పెడితే కింద కూర్చుని మొదలుపెట్టి లేచేటప్పుడు తల తగులుతుంది, పడేటప్పుడు ఊగే కాళ్లూ తగులుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద తెల్లవారుజామున తప్ప ఎక్కలేము. అప్పుడు కూడా చాక్ (చేతి చెమట పీల్చే పొడి) ఎక్కువ రాసుకోవడం కన్నా చెక్క హోల్డులకే పరిమితం కావడం మేలనిపించింది. చాక్ పేరుకున్న హోల్డులను నైలాన్ బ్రష్‌తో శుభ్రం చేస్తాము, ఇనుప బ్రష్ గరుకునంతా అరగదీస్తుంది. ప్లాస్టిక్ వాటిని సబ్బునీళ్లతో కడగవచ్చు, చెక్కకు నీళ్లు తగలనివ్వకూడదు. వానాకాలంలో ఉబ్బిన ప్లైవుడ్ చలికాలంలో ఆరి సన్నబడుతుంది, అప్పుడు బోల్టులు వదులవుతాయి కనుక దసరా తర్వాత ఒకసారి అన్నీ బిగించి చూస్తాము. హోల్డు తిరిగిపోకుండా బోల్టుతో పాటు పక్కన ఒక చిన్న స్క్రూ తప్పనిసరి. అది లేని హోల్డు ఎంత బిగించినా పక్కకు లాగినప్పుడు తిరగవచ్చు.

6 అడుగుల కన్నా తక్కువ వెడల్పు గోడ ఉన్నవారికి వాల్యూము నేను సిఫారసు చేయను. ఆ డబ్బుతో కాలి చిప్పులూ, రెండు మూడు జతల పించులూ కొనుక్కోవడం మంచిది. 8 అడుగులు, అంతకు మించి ఉన్నవారు గోడను ఒక సంవత్సరమైనా చదునుగా వాడి, ఎక్కడ కదలికలు ఒకేలా వస్తున్నాయో చూసుకుని, ఆ చోటుకు తగిన కొలతతో ఒక్కటి చేయించుకోవచ్చు.