కర్నూలులో కొన్న సిజర్ జాకీ: ఏడాది వాడకం తర్వాత నా అభిప్రాయం

2024 సెప్టెంబరులో, వాన కురిసి వెలిసిన మర్నాడు, కోడుమూరు దాటి ఎమ్మిగనూరు వెళ్తుండగా మా కారు ఎడమవైపు వెనుక టైరు పంక్చర్ అయింది. అది మేము సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. డిక్కీలో స్టెపినీ, జాకీ, వీల్ పానా ఉన్నాయని చూసుకొని తృప్తిపడ్డామే గాని, ఆ జాకీ ఈ కారుకు తగినదేనా అని ఏనాడూ పరీక్షించలేదు. బయటికి తీసి చూస్తే దాని తల చదునుగా ఉంది, కారు అడుగు అంచు ఇమిడే గాడి లేదు. రోడ్డు పక్కనంతా తడిసిన నల్లరేగడి. బరువు పడినకొద్దీ జాకీ పాదం మట్టిలోకి దిగి ఒకవైపు ఒరగడంతో కారు ఒక్కసారిగా పక్కకు జారింది. చక్రం ఇంకా విప్పలేదు గనుక ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ దారిన ట్రాక్టరుతో వచ్చిన ఒక రైతు ఆగి, ట్రాలీలోంచి మందపాటి చెక్క తీసి ఇస్తూ, “మెత్త భూమి సార్, కింద చెక్క లేకుంటే నిలబడదు” అన్నారు. ఆ చెక్క మీదనే ఎలాగో పని పూర్తి చేసుకొని ఊరికి చేరాము.

ఆ వారంలోనే కర్నూలులో బళ్ళారి చౌరస్తా సమీపంలోని ఒక స్పేర్ పార్ట్స్ దుకాణానికి వెళ్లాను. యజమాని ముందుగా అడిగింది కారు మోడల్, టైరు సైజు. ధర సంగతి ఆ తర్వాతనే వచ్చింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. నేను మాత్రం బలంగా కనిపించిన రెండు టన్నుల హైడ్రాలిక్ బాటిల్ జాకీ (సీసాలా నిలువుగా ఉండేది) వైపే మొగ్గాను. ఆయన వారించి, దాన్ని పూర్తిగా దించి టేపు పెట్టి కొలిచి చూపారు: 18 సెంటీమీటర్లు. “గాలి పోయిన టైరు మీద మీ కారు ఎంత ఎత్తులో ఉంటుందో కొలుచుకొని రండి సార్, అప్పుడు చూద్దాం” అన్నారు. ఇంటికి వచ్చి చదునైన సిమెంటు నేల మీద వెనుక టైరులో గాలి తీసి కొలిచాను. మామూలుగా 19 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే, జాకీ పెట్టే అడుగు అంచు 12 సెంటీమీటర్లకు దిగింది. ఆ బాటిల్ జాకీ కొని ఉంటే అది కారు కిందికి దూరేదే కాదు.

అందుకే జాకీ కొనేవారు టన్నుల అంకె కంటే ముందు దాని కనిష్ఠ ఎత్తును చూడాలని నా గట్టి అభిప్రాయం. ఒక మూలను లేపినప్పుడు కారు బరువులో సగం కూడా జాకీ మీద పడదు. సుమారు 900 కిలోల చిన్న కారుకు నాణ్యమైన ఒక టన్ను జాకీ సరిపోతుంది. గరిష్ఠ ఎత్తు కూడా ముఖ్యమే. పంక్చర్ అయిన చక్రాన్ని తీయడానికి కావలసిన ఎత్తు కంటే గాలి నిండిన స్టెపినీని ఎక్కించడానికి కావలసిన ఎత్తు కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ. చట్రం మీద బాడీ కూర్చున్న పెద్ద బండ్లకు జాకీ పెట్టే చోటు, అవసరమైన ఎత్తు రెండూ వేరు. వాటికి కత్తెరలా ముడుచుకొని విచ్చుకునే ఈ చిన్న సిజర్ జాకీలు పనికిరావు.

చివరికి నేను 1,350 రూపాయలకు తీసుకున్నది ఒకటిన్నర టన్నుల సిజర్ జాకీ. పూర్తిగా ముడిచినప్పుడు 10 సెంటీమీటర్లు, విప్పినప్పుడు 37 సెంటీమీటర్లు ఉంటుంది. నాలుగు ఉక్కు చేతులు, వాటి మధ్య అడ్డంగా పొడవైన మర (స్క్రూ), కింద వెడల్పాటి పాదం, పైన గాడి ఉన్న తల; నిర్మాణమంతా ఇంతే. మర తిరిగినప్పుడు రెండు పక్కల కీళ్లు దగ్గరికి లాగబడి తల పైకి లేస్తుంది. కొనే ముందు నేను దుకాణంలోనే పూర్తిగా పైకీ కిందికీ తిప్పి చూశాను. చేతుల చివర ఉన్న పళ్లు రెండు వైపులా సమానంగా కలుస్తున్నాయా, రివెట్ల దగ్గర కదలిక ఉందా, హ్యాండిల్ వైపు మర తలకు బేరింగ్ ఉందా లేక ఉత్త వాషరే ఉందా అన్నవి తప్పక చూడవలసినవి. బేరింగ్ లేనిదాన్ని బరువు మీద తిప్పాలంటే చేతులు లాగేస్తాయి. అంతకుముందు చూపిన చౌక రకం ఒకదానిలో తల ఊగుతూ ఉండగా దాన్ని వెంటనే పక్కన పెట్టించాను.

ఇక వాడకం. ఏడాదిలో ఇంటి దగ్గర సాధనగా మూడుసార్లు, 44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్ సమీపంలో ఒకసారి నిజమైన అవసరానికి వాడాను. డోన్ దగ్గర కారు ఆగిన చోటు కొద్దిగా వాలుగా ఉండటంతో, టైరు పాడైనా పరవాలేదని మెల్లగా ముందుకు నడిపి, చదునైన గట్టి నేల దొరికాకే ఆపాను. లోపలివారందరినీ దించి, హజార్డ్ లైట్లు వేసి, వెనుక దూరంగా ఎర్ర త్రికోణం నిలిపాను. ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక విషయం ఉంది. మామూలు చిన్న కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనుక చక్రాలకే పనిచేస్తుంది గనుక, వెనుక చక్రాన్ని లేపినప్పుడు నేల మీద బ్రేకు పట్టి ఉండేది ఒక్క చక్రమే. అందుకని మొదటి గేరు కూడా వేసి ఉంచాలి. ముందు చక్రాన్ని లేపినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది: ముందు చక్రాలతో నడిచే కారులో లేచిన చక్రం, రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల తిరగగలదు, కాబట్టి గేరును నమ్మడానికి లేదు, హ్యాండ్ బ్రేకే ఆధారం. రెండు సందర్భాల్లోనూ ఎదురు మూలలో ఉన్న చక్రానికి ముందూ వెనుకా రాళ్లు పెట్టడం తప్పనిసరి.

వీల్ నట్లను చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసుకోవాలి. గాలిలో ఉన్న చక్రం మీద బలం ప్రయోగిస్తే కారే జాకీ మీంచి జారవచ్చు. తర్వాత కారు అంచున తయారీదారు ఇచ్చిన రెండు గుర్తుల మధ్య, గాడిలో అంచు సరిగ్గా కూర్చునేలా జాకీని నిలపాలి. తలను మొదట చేత్తోనే తిప్పి అంచుకు తగిలే దాకా లేపి, జాకీ నిటారుగా ఉందో లేదో వంగి చూసుకున్నాకే హ్యాండిల్ తగిలించాలి. మొదటి కొన్ని చుట్లు బాగా బరువుగా ఉంటాయి. జాకీ చేతులు దాదాపు పడుకొని ఉన్నప్పుడు మర మీద పడే లాగుడు ఎక్కువ, అవి నిలబడేకొద్దీ తగ్గుతుంది. అది జాకీ లోపం కాదని తెలియక మా తమ్ముడు మొదటిసారి తిప్పినప్పుడు మధ్యలోనే ఆపేశాడు. చక్రం నేల విడిచేటప్పటికి నాకు దాదాపు ఏడు నిమిషాలు పట్టింది. తీసిన టైరును కారు అంచు కింద పడుకోబెట్టాను, ఒకవేళ జాకీ తప్పినా కారు దాని మీద ఆగుతుంది. సిజర్ జాకీ మీద ఉన్న కారు కిందికి ఏ పనికీ దూరకూడదు, చెయ్యి కూడా పెట్టకూడదు. నూనె మార్చడానికో, సైలెన్సర్ చూడడానికో దీన్ని వాడే వారిని చూశాను, నాకు భయమేసింది. స్టెపినీ ఎక్కించాక నట్లను ఎదురెదురుగా బిగించి, కారు దించిన తర్వాత తుది బిగింపు వేసి, కొంత దూరం వెళ్లాక ఆగి మళ్లీ చూసుకున్నాను.

పాదం కింద పెట్టే చెక్క గురించి మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పాలి. కడప బండ, బేతంచెర్ల బండ ఇక్కడ ప్రతి ఇంటా పడి ఉంటాయి గనుక ఒక ముక్క డిక్కీలో వేసుకుంటే చాలదా అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. చాలదు. బండ కింద నేల ఎత్తుపల్లాలుగా ఉంటే మధ్యలో బరువు పడినప్పుడు అది ముందుగా ఏ హెచ్చరికా లేకుండా పగులుతుంది. చెక్క అలా కాదు, వంగుతుంది, చిట్లుతున్న చప్పుడు వినిపిస్తుంది. నేను అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళంన్నర మందం గల వేప చెక్కను కోయించి జాకీతో పాటే ఉంచాను. ఎండాకాలంలో మెత్తబడిన తారు మీద కూడా అది పనికొస్తుంది.

లోపాలు లేవని అనను. వచ్చిన హ్యాండిల్ పొట్టిది, రెండు ముక్కలది. దాని కొక్కెం మర చివర ఉన్న కంటిలోంచి రెండుసార్లు జారింది, తిప్పేటప్పుడు వేళ్లు నేలకు రాసుకుపోయాయి. మరకు పూసిన గ్రీజు చాలా పలచన. మన దుమ్ముకు ఆరు నెలల్లోనే ఎండిపోయి కీచుమంది. పాత గుడ్డతో తుడిచి కొత్త గ్రీజు పూశాక మళ్లీ సాఫీగా తిరుగుతోంది. సూచనల కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. కర్నూలు, అనంతపురం దారుల్లో తిరిగే ఎందరో డ్రైవర్లకు అది ఉపయోగపడదు, తెలుగులోనూ ఉండాలి.

కొత్త కారు కొనబోయేవారు కూడా ఒకటి గమనించాలి. 2020లో మోటారు వాహన నిబంధనలను సవరించాక, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ రిపేర్ కిట్టు, టైరు గాలిని గమనించే ఏర్పాటు ఉన్న కార్లకు స్టెపినీ తప్పనిసరి కాదు. స్టెపినీ లేని కారులో చాలాసార్లు జాకీ కూడా ఉండదు. ఆ కిట్టు టైరు నేలకు ఆనే భాగంలో పడిన చిన్న రంధ్రానికి సరిపోతుంది గాని, పక్క గోడ చీలితే పనిచేయదు. కాబట్టి షోరూములో డిక్కీ తెరిపించి చూసుకోవడం మంచిది.

హ్యాండిల్ ఇబ్బంది చెప్పినప్పుడు దుకాణదారు వాదించలేదు. మూరెడు పొడవున్న ఒకే ముక్క రాడ్డును 150 రూపాయలకు ఇచ్చారు. ఈ మధ్య ధర్మవరంలో ఉండే మా బావమరిది తన కారుకు ఇదే జాకీ తెమ్మన్నాడు. మొదట ఒక టైరులో గాలి తీసి అంచు ఎత్తు కొలిచి పంపమన్నాను. 13 సెంటీమీటర్లు వచ్చింది. జాకీ, పొడవు రాడ్డు, వేప చెక్క మూడూ కలిపి వచ్చే ఆదివారం తీసుకువెళ్తున్నాను.