చెకప్ లిస్టులో అన్నిటికీ టిక్కులే, లాక్ నట్ తాళం మాత్రం లేదు

నాలుగు రోజుల కారు ప్రయాణంలో మొదటి రెండు రోజుల గురించి చెప్పడానికేం లేదు. రోడ్డు బాగుంది, ఏసీ పనిచేసింది, అమ్మకు కడుపులో తిప్పలేదు. మూడో రోజు రాత్రి ఎనిమిదిన్నరకి ఘాట్ దిగుతుంటే వెనక టైరు పోయింది. ఇక కింద రాసేదంతా ఆ టైరు పురాణమే.

బయల్దేరే ముందు కారు సర్వీసుకిచ్చాను. బిల్లులో ‘40 పాయింట్ల చెకప్’ అని ఒక లైను, దాని రేటు ఆయిల్ మార్చినదానికంటే ఎక్కువ. నలభైకి నలభై టిక్కులు. ‘స్టెప్నీ’ ఎదురుగానూ టిక్కే, ‘టూల్ కిట్’ ఎదురుగానూ టిక్కే. ఆ కాగితాన్ని మడిచి డాష్‌బోర్డులో పెట్టుకుని ధీమాగా బయల్దేరాను.

టైరు పోయిందని తెలియగానే బ్రేక్ తొక్కబోయి ఆగాను. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గనిచ్చాను. ఉన్నది మలుపులో. అలాగే ఇంకో వంద మీటర్లు మెల్లగా ఈడ్చుకెళ్తుంటే మా ఆవిడ "రిమ్ పోతుందండీ" అంటూనే ఉంది. రిమ్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మలుపులో ఆగితే వెనకొచ్చే లారీకి మనం కనపడం. తిన్నగా ఉన్నచోట, వీలైనంత అంచుకి తీసి ఆపాను. హజార్డ్ లైట్లు వేసి, బండ్లు వెళ్లే వైపు కాకుండా అవతలి తలుపులోంచి అందర్నీ దింపి రెయిలింగ్ వెనక్కి పంపించాను. చలిలో రాయి మీద కూర్చోబెట్టానని అమ్మకి కోపం. "కార్లో కూర్చుంటే ఏంట్రా?" అంది. ఆగి ఉన్న కారునే వచ్చి గుద్దుతారని చెప్తే ఇంకా భయపడుతుందని చెప్పలేదు. గంటసేపు నాతో మాట్లాడలేదు.

రిఫ్లెక్టర్ త్రికోణం కొన్నప్పటి నుంచి ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. ఫోన్ వెలుతురులో దాని కాళ్లు ఎటు విప్పాలో కనిపెట్టడానికే పది నిమిషాలు పట్టింది. ఒక్కసారి ఇంట్లో విప్పి చూసుకోండి, సిగ్గుపడాల్సిన పనేం కాదు. బావమరిది దాన్ని తీసుకెళ్లి మలుపు అవతల పెట్టొచ్చాడు. ఇవతల పెడితే అది కనపడేసరికి కారూ కనపడుతుంది, ఇక దాని ఉపయోగం ఏముంది?

బండి ఎత్తకముందే నట్లు వదులు చేయాలి, ఎత్తాక చేస్తే చక్రం తిరిగిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి మొదలుపెట్టాం. నాలుగు నట్లు కదిలాయి. ఐదోది లాక్ నట్, అలాయ్ వీల్స్ దొంగలెత్తుకుపోకుండా పెట్టేది. దాని తల పువ్వులా ఉంటుంది, దానికి సరిపోయే చిన్న సాకెట్, అంటే దాని తాళం, ఉంటే తప్ప రాదు. టూల్ కిట్ ట్రేలో జాకీకి ఒక గుంట, పానాకి ఒక గుంట, కొక్కేనికి ఒక గుంట, ఆ సాకెట్‌కి ఒక గుంట. చివరిది ఖాళీ. సర్వీసులో చక్రాలు విప్పినవాళ్లు మళ్లీ అందులో పెట్టలేదన్నమాట. ఫోన్ చేస్తే గ్యారేజీ మూసేశారు.

బ్రేక్‌డౌన్ సాయానికి విడిగా డబ్బు కట్టి ఉన్నాను కదా అని వాళ్లకి ఫోన్ చేశాను. "దగ్గర్లో ఏదైనా ల్యాండ్‌మార్క్ చెప్పండి సార్." చీకటి, చెట్లు. అదృష్టంకొద్దీ బావమరిది దారిలో కనపడ్డ కిలోమీటరు రాయి నంబరు గుర్తుపెట్టుకున్నాడు, అది చెప్పాం. రెండు గంటల్లో వస్తామన్నారు. వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ ఫోన్ వచ్చేసరికి మేం అక్కడ లేం.

ఎందుకంటే ముప్పావు గంటకి ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, లాక్ నట్ చూసి ఏమీ మాట్లాడకుండా తన సంచీలోంచి పాత సాకెట్ ఒకటి తీశాడు. నట్ కంటే ఒక సైజు చిన్నది. దాన్ని నట్ మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలేసి బిగించి, పానా తగిలించి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. కిర్రుమని తిరిగింది. తర్వాత మా స్టెప్నీని కాలితో ఒక్కటి తన్ని, "ఇందులో గాలేదీ?" అన్నాడు. సన్నగా ఉండే టెంపరరీ చక్రం అది, 60 పీఎస్ఐ ఉండాలని దాని మీదే రాసుంది. లారీ ఎయిర్ ట్యాంకు నుంచి పైపు లాగి ఆయనే గాలి కొట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. అమ్మ ఇచ్చిన పండ్లు మాత్రం తీసుకున్నాడు. అప్పుడే అమ్మ నోరు తెరిచింది, ఆయన్ని దీవించడానికి.

ఆ చిన్న చక్రంతో గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు. నేను అరవైలోనే నడిపాను. కాసేపటికి కళ్లు మూతలు పడ్డాయి. పొద్దున ఐదుకి లేచినవాణ్ని. పదిహేడు గంటలు మేలుకుని నడిపితే కాస్త తాగి నడిపినట్టే ఉంటుందని తెలిసీ పంతానికి పోవడం ఎందుకని వెలుతురున్న చోట ఆపి, స్టీరింగ్ బావమరిదికి ఇచ్చేశాను.

ముందే డబ్బు కట్టిన హోటల్ ‘24 గంటల చెక్-ఇన్’ అని రాసుకుంది. ఒంటిగంటన్నరకి గేటుకి తాళం, ఫోన్ ఎత్తేవాడు లేడు. మర్నాడు రీఫండ్ అడిగితే "మీరు రాలేదు కదా సార్" అన్నారు. రెండు వీధుల అవతల ఒక పాత లాడ్జిలో మొదటి పిలుపుకే పెద్దాయన తలుపు తీశాడు. కారుని దీపం కింద పెట్టించి, అడక్కుండానే వేడినీళ్ల బకెట్ పంపించాడు. అద్దె ఆ హోటల్లో కట్టినదాంట్లో సగం. దుప్పట్లు పాతవే గానీ ఉతికినవి. అందరం తొమ్మిదింటి దాకా నిద్రపోయాం.

లేచాక గ్యారేజీకి ఫోన్ చేసి తాళం సంగతి అడిగాను. "ఉంది సార్, మా డ్రాయర్లో భద్రంగా పెట్టాం. ఎప్పుడైనా వచ్చి తీసుకోండి."