బ్రేక్ ప్యాడ్లు మార్పించుకున్నవాళ్లు జాగ్రత్త, కాలిపర్ (ప్యాడ్లని చక్రం డిస్క్‌కి నొక్కి పట్టే భాగం) బోల్టు బిగించకుండానే బండి ఇచ్చేశారు

ఇంకా కోపం దిగలేదు, రాత్రంతా నిద్ర లేదు. మన కాలనీ కమాన్ పక్కన గ్యారేజీ, పేరు రాయను, ఇక్కడ సగం మంది బండ్లు అక్కడే ఇస్తారు కాబట్టి అర్థమైపోతుంది. పోయిన గురువారం ముందు బ్రేక్ ప్యాడ్లు మార్పించా, లేబర్‌తో కలిపి 2,800. శనివారం అమ్మని, పిల్లల్ని ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరాం.

కల్వకుర్తి దాటాక స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఎడమ వైపు టక్కు టక్కుమని మొదలైంది. "ఏదో కొట్టుకుంటోంది రా, ఆపి చూడు" అని అమ్మ రెండుసార్లు అంది. కొత్త ప్యాడ్లు కదమ్మా, సర్దుకుంటాయిలే అన్నా. అక్కడే ఆపాల్సింది, అది నా తప్పే. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి, అడవంతా దాటి, ఈగలపెంట నుంచి డ్యామ్ దాకా ఆ మలుపులన్నీ బ్రేక్ మీద కాలు పెట్టుకునే దిగాం. డ్యామ్ దాటేసరికి కర్రుమని ఇనుము గీరుకుంటున్న చప్పుడు.

సున్నిపెంటలో ఒక మెకానిక్ వీల్ విప్పాడు. కాలిపర్‌ని పట్టుకునే బోల్టులు పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. కిందది లేనే లేదు. పైదాన్ని పాన పెట్టకుండా వేళ్లతో తిప్పాడు, తిరిగింది. రిమ్ము లోపల చుట్టూ తెల్లగా మెరుస్తున్న గీత, కాలిపర్ లేచి రాసుకున్న చోటు. "ఇంకాస్త లేస్తే బ్రేక్ ఆయిల్ పైపు తెగేది సార్, ఆయిల్ పోయి పెడల్ మొత్తం కిందకి వెళ్లిపోయేది" అన్నాడు. అమ్మ అక్కడే రోడ్డు పక్కన కూలబడిపోయింది. బోల్టు మర్నాడు దోర్నాల నుంచి తెప్పించి వేశాడు, బిగించాక నా చేతికి పాన ఇచ్చి నన్నూ చూసుకోమన్నాడు.

ఇవాళ పొద్దున్నే గ్యారేజీకి వెళ్లి ఫోటోలు చూపిస్తే ఓనర్ సరిగ్గా చూడను కూడా లేదు. రోడ్లో ఊడిపోయుంటుంది, గుంతలు కదా అన్నాడు. రెండు రోజుల్లో ఊడిందంటే బిగించలేదనే కదా అని అడిగితే, డ్రాయర్‌లోంచి ఏదో పాత బోల్టు తీసి టేబుల్ మీద పడేసి "తీసుకోండి సార్, ముప్పై రూపాయల బోల్టు. బ్రేకులు పడ్డాయి కదా, ఎవరికీ ఏం కాలేదు కదా, ఎందుకింత గొడవ" అన్నాడు. ఏమన్నా అయ్యుంటే అప్పుడొచ్చి మాట్లాడాలా? నా పిల్లలు వెనక సీట్లో ఉన్నారండీ అన్నా. అప్పటికే వేరే కస్టమర్ వైపు తిరిగిపోయాడు.

ఆ రోజు పని చేసిన కుర్రాడే బయటికొచ్చి మెల్లగా చెప్పాడు, అన్నా, బోల్టులు చేత్తో తగిలించి ఉంచా, మధ్యలో ఇంకో బండికి పిలిచారు, వచ్చి వీల్ ఎక్కించేశా అని. పదిహేడేళ్లుంటాయేమో, వాడి మీద కోపం రాలేదు. ఒకసారి చూసి, బండి నడిపి చూసి తాళం ఇవ్వాల్సింది ఓనర్ కదా.

చాలా బండ్లకి కింది బోల్టు విప్పి కాలిపర్ పైకి లేపి ప్యాడ్లు మారుస్తారు, మర్చిపోతే అదే మర్చిపోతారు. వీల్ ఎక్కించకముందే దగ్గరుండి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు కావాలో అంత కొలిచి బిగించే పాన) బిగింపించుకోండి, ఫోటో తీసుకోండి. బ్రేక్ నొక్కగానే టక్‌మంటే అక్కడే ఆపేయండి. ఈ వారం పది రోజుల్లో ఆ గ్యారేజీలో ప్యాడ్లు మార్పించినవాళ్లు ఇవాళే వేరే చోట రెండు ముందు వీల్సూ విప్పించి చూసుకోండి, ఘాట్ ఎక్కేవాళ్లయితే చూసుకోకుండా అస్సలు బయల్దేరొద్దు.