ఈబర్డ్ యాప్: కొన్నేళ్లు వాడాక

పిట్టల్ని చూసే అలవాటు ఉన్నవాళ్లు ఫోన్‌లో ఏ యాప్ పెట్టుకోవాలని అడిగితే, తడుముకోకుండా ఈబర్డ్ పేరే చెబుతాను. ఎక్కడ ఏ పిట్టలు ఎన్ని కనబడ్డాయో రాసి పంపే యాప్ ఇది. అమెరికాలో పక్షుల మీద పనిచేసే కార్నెల్ ల్యాబ్, ఆడుబాన్ సొసైటీ కలిసి దీన్ని 2002లో మొదలుపెట్టాయి. పైసా కట్టక్కర్లేదు. మనం వెళ్లే ప్రాంతపు పక్షుల జాబితా (ప్యాక్) ముందే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది.

నేను ఎక్కువగా వాడేది హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువు దగ్గర. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. గట్టు మీద నడుస్తూ నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు లెక్కపెట్టి ఎక్కిస్తాను. పంపే ముందు యాప్ ఒకటి అడుగుతుంది: మీరు గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని. నా దృష్టిలో యాప్ మొత్తానికి ఈ ప్రశ్నే ప్రాణం. అవునంటే, జాబితాలో లేని పిట్ట ఆ పూట నాకు కనబడలేదని అర్థం. ఎంతసేపు చూశాం, ఎంత దూరం నడిచాం అన్నదీ చేరుతుంది కాబట్టి ఏటికేడాది పోల్చి చూడొచ్చు. అరుదైన పిట్ట కనబడితేనే రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కాకినీ గోరింకనూ ఎవరూ రాయకపోతే అవి తగ్గినా తెలిసేదెలా?

ఇలా చేరిన లెక్కలతోనే 2023లో మన దేశ పక్షుల స్థితిపై నివేదిక వచ్చింది. 942 జాతుల్ని పరిశీలించారు. నెమళ్లు, కోకిలలు పెరిగాయట. దసరా రోజు చూడాలని మనం వెతుక్కునే పాలపిట్ట, మన తెలంగాణ రాష్ట్ర పక్షి, తగ్గుతోందని తేలింది. అది చదివాక పాలపిట్ట కనబడిన ప్రతిసారీ తప్పకుండా రాస్తున్నాను.

వింత రికార్డు పెడితే వాలంటీర్లు ఫొటో అడుగుతారు. కోపం తెచ్చుకోకండి, లెక్క నమ్మకంగా ఉండేది దానివల్లే. వేటగాళ్ల భయమున్న జాతుల కచ్చితమైన చోటు అందరికీ కనబడకుండా దాస్తారు, ఇది నాకు బాగా నచ్చింది. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్ కూడా వాడతాను, కానీ కంటితో చూడనిదే, లేదా ఆ కూత నాకే తెలిస్తే తప్ప, దాని మాట మీద జాబితాలో చేర్చను.

ఒక లోటు ఉంది, అది మనమే తీర్చాలి. అందరం చెరువులకూ కేబీఆర్ పార్కుకూ వెళ్తాం. బస్తీలు, కాలనీలు, ఖాళీ ప్లాట్ల నుంచి వచ్చేది తక్కువ. మేడ మీద పావుగంట నిలబడి, గుర్తుపట్టినవన్నీ రాసినా అది పూర్తి జాబితాయే.