హోమ్‌స్టే పర్మిషన్ల ప్యాకేజీ: 28 వేలకి నాకు దక్కింది ఒక్క శనివారం పొద్దున

రేటింగ్: ఐదుకి రెండున్నర. అందులో రెండు అక్కడ పనిచేసే కుర్రాడికి.

ఆఫీసు పేరు రాయడం లేదు. ఆ కుర్రాడింకా అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు, నా వల్ల వాడికి మాట రాకూడదు. ద్వారకానగర్‌లో రెండో అంతస్తు, గాజు తలుపు, లోపల 'మీ ఇల్లే మీ ఆదాయం' అని బోర్డు. హోమ్‌స్టే పెట్టాలనుకునే వాళ్లకి కావలసిన కాగితాలన్నీ తామే చేసిపెడతామంటారు. అలాంటి ఆఫీసులు వైజాగ్‌లో ఇప్పుడు చాలానే ఉన్నాయి, కాబట్టి పేరు లేకపోయినా ఈ రివ్యూ పనికొస్తుంది.

నేను ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎంవీపీ కాలనీలో ఇల్లు. కింద నేనూ, మా అత్తగారూ. మా అబ్బాయి పుణే వెళ్లిపోయాక పైన రెండు గదులు ఖాళీగా పడున్నాయి. డాబా మీద నిలబడితే లాసన్స్ బే వైపు సముద్రం ఒక గీతలా కనిపిస్తుంది, ఎదురింటి వాళ్లు ఇంకో అంతస్తు వేయనంతవరకూ. నెల అద్దెకిచ్చి ఖాళీ చేయించలేక బాధపడేకన్నా రోజువారీ ఇద్దామనుకున్నాను. 2024 ఏప్రిల్‌లో ఈ ఆఫీసు మెట్లెక్కాను.

వాళ్లిచ్చిన కొటేషన్ ఇప్పటికీ దాచుకున్నాను. హోమ్‌స్టే దరఖాస్తుకి 9 వేలు, పోలీసు ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదనే కాగితం) 7 వేలు, జీఎస్టీకి 4,500, విదేశీ అతిథుల వివరాలు ప్రభుత్వానికి పంపే ఫారం సి లాగిన్‌కి 4 వేలు, టిఫిన్ పెడతాం కాబట్టి ఫుడ్ రిజిస్ట్రేషన్‌కి 3,500. మొత్తం 28 వేలు. కూడిక మాత్రం కరెక్టుగానే చేశారు.

హోమ్‌స్టే దరఖాస్తు అంటే కేంద్ర పర్యాటక శాఖ వారి ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం. ఒక గది నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు. గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. ఇది హోటలు కాదు, మనింట్లో మనతోపాటు ఇంకొకరు ఉండటం. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఇంటి కాగితాలు, ఫొటోలు, చెక్‌లిస్టు. ఆ చెక్‌లిస్టు తెరిచి చూస్తే నాకు నవ్వొచ్చింది, మా డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఇన్‌స్పెక్షన్ రోజులు గుర్తొచ్చి. అతిథుల రిజిస్టరు, మంటలార్పే సిలిండరు, దగ్గర్లోని డాక్టరు ఫోన్ నంబరు, వేడినీళ్లు, అడిగితే ఇస్త్రీపెట్టె. ఇందులో 9 వేల రూపాయల విద్య ఏమీ లేదు. స్కాన్ చేసి ఎక్కించడం వచ్చిన పదో తరగతి పిల్లాడు రెండు పూటల్లో చేసేస్తాడు.

ఇన్‌స్పెక్షన్‌కి ముగ్గురొచ్చారు. ఒకాయన టేపుతో గది కొలుస్తుంటే మా అత్తగారు (ఎనభై నాలుగేళ్లు, చెవులు బాగానే వినిపిస్తాయి, ఆమెకి అవసరమైనప్పుడు) వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన "అమ్మా, మీరు ఇక్కడే ఉంటారా?" అని అడిగాడు. రూలు ప్రకారం అడగాల్సిన ప్రశ్నే. ఆవిడ "ఏం, ఎక్కడికన్నా పంపించేద్దామనా?" అన్నారు. యజమాని నివాసం అనే కాలమ్ అక్కడితో పూర్తయిపోయింది. సిల్వర్ వచ్చింది.

మంటలార్పే సిలిండరు ఈ ఆఫీసు వాళ్లే 'ప్యాకేజీతో ఉచితం' అని ఇచ్చారు. ఇన్‌స్పెక్షన్ ముందురోజు తుడుస్తూ చూశాను, దాని మీటరులో ముల్లు ఎర్ర గీతలో ఉంది. అంటే లోపల ప్రెషర్ లేదు. ఫోన్ చేస్తే "అంత దగ్గరగా ఎవరు చూస్తారు ఆంటీ" అన్నాడు ఆఫీసు యజమాని. నేను చూశాను బాబూ. డాబా గార్డెన్స్ బజారుకి వెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను. ఆంటీ అన్నందుక్కూడా ఒక మార్కు తగ్గించాలనిపించింది కానీ ఊరుకున్నాను.

జీఎస్టీ దగ్గర అసలు దెబ్బ తగిలింది. "నంబరు లేకపోతే బుకింగ్ యాప్‌లో ఇల్లు పెట్టనివ్వరు" అని చెప్పి మే నెలలో రిజిస్ట్రేషన్ చేయించారు. లెక్కల టీచర్ని అయ్యుండి ఆ రోజు లెక్క వేసుకోకపోవడం నా తప్పే. రెండు గదులు, గదికి రోజుకి 2 వేలు, ఏడాదిలో 365 రోజులూ నిండినా 14 లక్షల 60 వేలు. సేవలకి రిజిస్ట్రేషన్ గీత ఏడాదికి 20 లక్షల రాబడి. నా ఇల్లు ఆ గీత దాటాలంటే అత్తగారి గది కూడా అద్దెకివ్వాలి. పైగా ఎయిర్‌బీఎన్‌బీ లాంటి యాప్ ద్వారా గది ఇచ్చినప్పుడు, మనం రిజిస్టర్ కావలసిన పరిధిలో లేకపోతే, ఆ పన్ను కట్టాల్సిన బాధ్యత చట్టమే యాప్ మీద పెట్టింది. సెక్షన్ 9(5) అంటారు. మా చెల్లెలి కొడుకు సీఏ ఇంటర్ చదువుతున్నాడు, వాడు అన్నం తింటూ చెప్పాడు ఈ మాట. వాడు ముద్ద మింగేలోపు నా 4,500 నీళ్లల్లో కలిసిపోయాయి. రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం తీసుకునేది సున్నా.

పోనీ నంబరొచ్చింది, పడుంటుందిలే అనుకుంటే కుదరదు. వ్యాపారం మొదలవకపోయినా 'ఏమీ లేదు' అని రిటర్ను వేయాలి. ఇది నాకెవరూ చెప్పలేదు. ఆగస్టు 5న మెసేజ్ చూసి కంగారుగా వెళ్తే, మే నెలది 46 రోజులు లేటు, జూన్‌ది 16 రోజులు. ఏమీ లేని రిటర్నుకి రోజుకి 20 రూపాయలు, ఒక్కోదానికి గరిష్ఠంగా 500. మేకి 500, జూన్‌కి 320. ఒక్క అతిథీ రాకముందే 820 జరిమానా కట్టాను. ఆ తర్వాత రాజమండ్రి నుంచి సింహాచలం దర్శనానికి వచ్చిన దంపతులు నేరుగా ఫోన్ చేసి గది అడిగితే, నంబరుంది కాబట్టి 12 శాతం కలిపి 2,240 బిల్లు రాయాల్సి వచ్చింది. ఆవిడ "240 దేనికమ్మా?" అంది. ఏం చెప్పను? (2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి గదులకి 5 శాతానికి తగ్గించారు. అప్పటికి నేను రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకుని బయటపడ్డాను. రద్దయ్యాక మూడు నెలల్లోపు చివరి రిటర్ను ఒకటి వేయాలి, అది మర్చిపోకండి.)

ఫుడ్ రిజిస్ట్రేషన్ సంగతి రెండు ముక్కలు. నేను తీసుకున్నప్పుడు చిన్న వాళ్లకి ఏడాదికి 100 రూపాయల ఫీజు. వీళ్లు తీసుకున్నది 3,500. వచ్చింది ఏడాది కాగితం. పెసరట్టు, అల్లం పచ్చడి పెట్టుకోవడానికి మిగతా 3,400 ఎవరికెళ్లాయో వాళ్లకే తెలియాలి.

పోలీసు ఎన్‌ఓసీకి 7 వేలు తీసుకున్నారు కదా, స్టేషన్‌కి ఎవరెళ్లారు? నేనే. ఇంటి యజమాని స్వయంగా రావాలన్నారు. వెళ్లాను, ఆధార్, ఇంటి పన్ను రశీదు చూపించాను, ఎవరొచ్చినా గుర్తింపు కార్డు కాపీ పెట్టుకోమని, రిజిస్టరు రాయమని చెప్పారు. ఎవరూ రూపాయి అడగలేదు. 7 వేలు ఆఫీసు మనిషి బయట స్కూటీ దగ్గర నిలబడినందుకు.

ఇక మంచి. ఆ శనివారం.

డల్లాస్ నుంచి ఒక కుటుంబం బుక్ చేసుకున్నారు. సికింద్రాబాద్ వందే భారత్‌లో బయల్దేరి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చారు. అమ్మానాన్నలవి మన పాస్‌పోర్టులే. పిల్లలిద్దరూ అక్కడ పుట్టారు, ఏడేళ్లు ఒకడికి, నాలుగేళ్లు ఇంకోదానికి. నిద్రలో తూగుతున్నారు. దుప్పట్లిచ్చి పడుకోబెట్టాను. మన పిల్లలే కదా, తాతగారింటికి వచ్చినట్టు వచ్చారు అనుకున్నాను. పొద్దున రిజిస్టరు రాస్తుంటే పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులని కనపడింది. అప్పుడు తట్టింది. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఫారం సి ఎక్కించాలి (2025 సెప్టెంబరు నుంచి కొత్త నిబంధనల్లో దాని పేరు ఫారం 3). నాలుగేళ్ల పిల్లకి కూడానా? భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డుంది కదా?

ఆ ఆఫీసు కుర్రాడికి ఫోన్ చేశాను. శనివారం, వాడికి సెలవు. ముప్పావు గంటలో స్కూటీ మీద వచ్చాడు, వెనక సంచిలో లాప్‌టాప్. "టీచర్ గారూ, తెలుగు మాట్లాడతారా లేదా అని చూడరండీ, పాస్‌పోర్టు ఏ దేశానిదో చూస్తారు. ఓసీఐ ఉన్నా ఫారం వేయాల్సిందే" అన్నాడు. మా డైనింగ్ టేబుల్ మీద కూర్చుని మొదటి పిల్లాడి ఫారం వాడు నింపాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. పాస్‌పోర్టు నంబరు, ఓసీఐ నంబరు, ఇండియాలో దిగిన తేదీ, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఇక్కణ్ణుంచి ఎక్కడికెళ్తారు, ఫొటో. రెండోది నన్ను చేయమన్నాడు. నేను పుట్టినతేదీలో నెలా రోజూ తారుమారు చేశాను. పాస్‌పోర్టులో ఎలా ఉందో సరిగ్గా చూడకుండా కొట్టేశాను. వాడు చెయ్యి పెట్టి ఆపలేదు. "ఒకసారి చదవండి టీచర్ గారూ" అన్నాడంతే. పిల్లలకి లెక్క నేర్పేటప్పుడు నేనూ అలాగే అనేదాన్ని. పిల్ల ఫొటోకి మాత్రం పదకొండు సార్లు తీయాల్సి వచ్చింది, కెమెరా చూడగానే కళ్లు గట్టిగా మూసేస్తోంది.

ఆ రోజు నుంచి నేనే వేసుకుంటున్నాను. లాగిన్‌కీ ఫారానికీ ప్రభుత్వానికి కట్టేదేమీ లేదు. 4 వేలకి ఏదైనా విలువుందంటే ఆ గంటన్నరకే. వాడికి రెండు పెసరట్లు పెట్టాను, డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ఇంకో రెండు విషయాలు చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. మాతో పనిచేసిన సైన్సు టీచరుకి సీతమ్మధారలో ఫ్లాటుంది, తనుండేది విజయనగరంలో. బడ్జెట్‌లో హోమ్‌స్టేలకి ముద్రా లోన్లు అని విన్నప్పటి నుంచి ఆమెకి హుషారు. నా మాట మీద ఈ ఆఫీసుకే వెళ్లింది. "ఓనరు ఉన్నట్టు బీరువాలో నాలుగు చీరలు పెట్టేయండి" అని సలహా ఇచ్చారట. ఇదే పథకం కింద, యజమాని ఉండాలన్న అదే షరతు చదివినవాళ్లే.

రెండోది ఇంకా పెద్దది. మా మరిదికి అరకులో రెండు గదులు కట్టాలని కోరిక. "గిరిజనుడి పేరు మీద పెట్టి లీజు రాయించేద్దాం సార్, అందరూ చేస్తున్నారు" అన్నారట ఆయనతో. అరకు షెడ్యూల్డ్ ఏరియా. 1/70 చట్టం అని మన దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టూ లీజూ కూడా ఆ చట్టం దృష్టిలో బదిలీయే. నేను లంబసింగి దగ్గర ఒక గిరిజన కుటుంబం వాళ్లింట్లోనే నడుపుతున్న చోట ఒక రాత్రి ఉన్నాను, చలికి కుంపటి పెట్టి రాగి అంబలి ఇచ్చారు. ఆ డబ్బు వాళ్లకే అందాలని పెట్టిన చట్టం అది. దాన్ని దాటించే దారి కూడా ప్యాకేజీలో అమ్ముతారనుకోలేదు. మరిదికి గట్టిగా చెప్పాను, మానుకున్నాడు.

వెళ్లాలా వద్దా అని అడిగితే, ఆ విదేశీ అతిథుల ఫారం నేర్చుకోవడానికి ఎవరినైనా ఒక పూట కూలికి పిలుచుకోండి. మిగతాది మీరే చేసుకోగలరు. ఇల్లు మీరుండేదైతే.

శుక్రవారం డల్లాస్ వాళ్లే మళ్లీ వస్తున్నారు, ఈసారి వారం రోజులకి. పిల్లకి ఇప్పుడు ఐదేళ్లు. కళ్లు తెరిచి ఫొటో దిగితే పూతరేకులిస్తానని వాళ్లమ్మకి మెసేజ్ పెట్టాను.