బుక్కరాయసముద్రం నుంచి మిరిస్సా దాకా

మా అనంతపురం వాళ్ళకి సముద్రమంటే పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువే. అది నిండిన ఏడాది పిల్లాజెల్లాతో కట్ట మీదకి పోయి చూసొస్తాం. అలాంటి ఊళ్ళో పుట్టిన మా అక్క కూతురు జువాలజీ చదివి, తిమింగలాల మీదే పని చేస్తానని పట్టుబట్టింది. "ఒక్కసారి కూడా కళ్ళతో చూడకుండా ఎట్లా తేల్చుకునేది మామా?" అంది. ఆ మాట సబబే అనిపించింది. ఫిబ్రవరిలో ఇద్దరం శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్సాకి బయలుదేరాం. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

మనకి బెంగళూరు ఎయిర్‌పోర్టు ఎటూ హైవే మీదే. కొలంబో నుంచి మిరిస్సాకి రైలూ ఉంది, ఎక్స్‌ప్రెస్‌వే బస్సూ ఉంది. పోయేటప్పుడు రైలెక్కండి. చాలా దూరం అలలు పట్టాల పక్కనే కొడుతుంటాయి. తిరిగొచ్చేటప్పుడు బస్సు మేలు, టైం కలిసొస్తుంది.

బస విషయంలో మొదట పొరపాటు చేశాం. బీచ్‌ని ఆనుకుని ఉన్న హోటల్ తీసుకుంటే అర్ధరాత్రి దాకా పాటల మోత. పడవలు తెల్లవారుజామునే కదులుతాయి కాబట్టి నిద్రలేని ఒళ్ళుతో సముద్రంలోకి పోకూడదు. రెండో రోజే రోడ్డుకి లోపలి వైపున్న హోమ్‌స్టేకి మారిపోయాం. ఆ ఇంటావిడ ఐదింటికే లేచి ఇడియప్పం, కొబ్బరి సంబోలు పొట్లం కట్టి ఇచ్చేది. ఆ సంబోలు కారం మన ఊరి కారానికి ఏం తీసిపోదు.

ఇక అసలు సంగతి. మొదటి రోజు రెండంతస్తుల మోటారు పడవ ఎక్కాం. దూరంగా నీటి చిమ్ము కనబడగానే ఐదారు పడవలు ఒకేసారి అటు దూకాయి. వంద మీటర్ల దూరం పాటించాలని అక్కడ రూలుంది. మా పడవవాళ్ళు దాన్ని లెక్కచెయ్యలేదు. డీజిల్ పొగకి సగం మంది వాంతులు. తిమింగలం ఒక్కసారి వీపు చూపించి మునిగిపోయింది. "మనం చూడ్డానికొచ్చామా, తరమడానికొచ్చామా మామా?" అని మా పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ చాలా బాధేసింది.

మూడో రోజు తెరచాప కాటమరాన్, అంటే రెండు పడవలు జత కట్టినట్టుండే పడవ, మాట్లాడుకున్నాం. రేటు ఎక్కువ, నడక నెమ్మది, గాలి పడిపోతే చిన్న ఇంజను వేయక తప్పదు. అయినా నన్నడిగితే ఇదే ఎక్కండి. బయలుదేరే గంట ముందే అవోమిన్ వేసుకున్నాం కాబట్టి కడుపులో తిప్పలేదు. శ్రీలంక దక్షిణ కొసనున్న దొండ్ర లైట్‌హౌస్ వెనక్కి పోయేసరికి కింద లోతు వెయ్యి మీటర్లు దాటిందన్నారు. తీరానికి ఇంత దగ్గర్లో ఇంత లోతు ఉండటం వల్లే తిమింగలాలు ఇక్కడ కనబడతాయి. ఇక్కడి నీలి తిమింగలాల్లో చాలా వాటికి అంటార్కిటికా వలస లేదనీ, ఏడాదంతా ఈ వెచ్చటి నీళ్ళలోనే ఉంటాయనీ శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ ఏళ్ళ తరబడి చేసిన పని గురించి మా పిల్ల దారంతా చెబుతూనే ఉంది.

ఒకచోట ఇంజను ఆపేసి హైడ్రోఫోన్, అంటే నీటిలోకి దింపే మైకు, వైరు పట్టుకుని వదిలారు. నేనూ హెడ్‌ఫోన్ పెట్టుకున్నా. టప్... టప్... టప్... మా ఇంట్లో అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తుంటే వచ్చే చప్పుడే, కాకపోతే గడియారం కొట్టినట్టు తప్పకుండా. అవి స్పెర్మ్ తిమింగలాలు. చీకటి లోతుల్లో ఆ చప్పుడు ప్రతిధ్వనితోనే వేటాడతాయి. ముప్పావుగంట దాకా పైకి రావు కాబట్టి వాటి వెంట చెవితోనే పోవాలి. మోటారు మోతలో అది కుదిరే పని కాదు.

నీలి తిమింగలం మాత్రం తనంతట తానే వచ్చింది. ఆర్టీసీ బస్సు ఎయిర్ బ్రేకు వదిలినట్టు బుస్సుమంది. ఆవిరి మూడంతస్తుల మేడంత ఎత్తు లేచింది. నీచు వాసన. తడిసిన కడప బండ మీద సున్నం చుక్కలు చల్లినట్టున్న వీపు అలా సాగుతూనే ఉంది, సాగుతూనే ఉంది, అయిపోదే! చివర్న తోక నిలువుగా లేచింది, దాని అంచుల నుంచి నీళ్ళు జారాయి, మునిగింది. పడవలో ఎవ్వరం మాట్లాడలేదు.

తోక అంచు మీది గాట్లు, ఒంటి మీది మచ్చలు చూసి ఏది ఏ తిమింగలమో గుర్తుపడతారట. మా పిల్ల ఫొటో తీసి టైమూ, జీపీఎస్ అంకెలూ రాసుకుంది. అప్పుడే దూరంగా కంటైనర్ షిప్పులు వరసగా కనబడ్డాయి. ప్రపంచంలోకెల్లా రద్దీ అయిన ఓడదారుల్లో ఇదొకటి, సరిగ్గా ఇవి తిరిగే చోటే. ఓడ తగిలి చచ్చిపోయినవి ఉన్నాయి. 2022లో ఎమ్‌ఎస్‌సీ అనే సరుకు ఓడల కంపెనీ తన ఓడల్ని ఇంకా దక్షిణానికి జరిపింది. మిగతా కంపెనీలు కూడా జరపాలి. ఇంత పెద్ద ప్రాణికి తప్పుకునే చోటు మనమే ఇవ్వకపోతే ఎట్లా?

ఆ రాత్రి మా పిల్ల ఉప్పునీటికి తడిసిన నోట్‌బుక్కుని ఫ్యాను కింద ఆరబెట్టి, అక్కకి ఫోన్ చేసి, "అమ్మా, నేను ఇదే చేస్తా" అంది. మర్నాటికి కూడా ఆ తెరచాప పడవకే డబ్బు కట్టాను.